నాన్న ముందే కొనేసిన స్వెట్‌షర్ట్

అమెరికాలో ప్రీమెడ్ అనే చదువు లేదు. ఈ సంగతి షికాగో పక్కన మా నేపర్‌విల్‌లో ఏ తెలుగువాళ్ళకు చెప్పినా నా వంక జాలిగా చూసేవారు. ప్రీమెడ్ అంటే డాక్టరు కావాలన్న కోరిక ఉండటం, అంతే. ఆ కోరిక పెట్టుకుని బయాలజీ చదవొచ్చు, సంగీతం చదవొచ్చు, మట్టి పిసికి కుండలు చేసే కోర్సులో చేరినా ఎవరూ వద్దనరు. నాలుగేళ్ళు ఏదో ఒకటి చదివి, మధ్యలో కెమిస్ట్రీ, ఫిజిక్స్ లాంటివి గట్టెక్కి, ఒక పెద్ద పరీక్ష రాసి, అప్పుడు మెడికల్ కాలేజీల గుమ్మాలు ఎక్కాలి. దిగాలి కూడా. ఎక్కువమంది దిగుతారు.

మావాళ్ళకు ఇదంతా బుర్రకెక్కదు. వాళ్ళు పెరిగింది ఎంసెట్ ర్యాంకులు, కౌన్సెలింగులు, సీట్ల మధ్య. అందుకని నేను పన్నెండో తరగతిలో ఉన్న ఏడాది ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా, పులిహోర ప్లేటు చేతికి రాకముందే ఎవరో ఒక ఆంటీ వచ్చి, "ప్రీమెడ్‌లో సీటు ఎక్కడొచ్చిందమ్మా?" అని అడిగేది. సీటు లేదు ఆంటీ, కోరికే ఉంది అంటే బాగుండదు కదా. నవ్వి ఊరుకునేదాన్ని.

మా నాన్నదీ అదే దారి. ఆయన దృష్టిలో ఎంత ఎక్కువమందిని లోపలికి రానివ్వకపోతే అది అంత గొప్ప కాలేజీ. ఈ లెక్కన పొద్దున పూట ఆయన దూరిన బాత్రూమ్ దేశంలోకెల్లా గొప్ప విద్యాసంస్థ అని నేనొకసారి అన్నాను. అమ్మ నవ్వింది. ఆయన నవ్వలేదు. ఈ ఒక్క విషయంలో ఆయనతో హాస్యమాడకూడదు. నేను ఆరో తరగతి మధ్యలో విజయవాడ నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు, విమానం దిగి సూట్‌కేసుల కోసం నిలబడి ఉండగానే, "ఇక్కడ డాక్టర్లకి చాలా గౌరవం, తెలుసా?" అని చెప్పిన మనిషి ఆయన. నాకప్పుడు ఆకలిగా ఉంది తప్ప ఇంకేమీ తెలియదు.

మార్చి నెలాఖరుకి ఫలితాలన్నీ వచ్చేశాయి. చేతిలో మిగిలినవి రెండు. ఒకటి తూర్పు తీరంలో ఉన్న పేరుమోసిన ప్రైవేటు కాలేజీ. దాని పేరు చెబితే తెలియనివాళ్ళుండరు, అందుకే చెప్పను. రెండోది షికాగో నగరంలో ఉన్న గవర్నమెంటు యూనివర్సిటీ. ఇంట్లో ఉండి రోజూ రైల్లో వెళ్ళిరావచ్చు, పైగా ఫీజంతా వాళ్ళే భరిస్తామన్నారు. మొదటిదాన్ని ఇంట్లో అందరం భక్తిగా పేరు పెట్టి పిలిచేవాళ్ళం. రెండోదాన్ని రైలు కాలేజీ అనేవాళ్ళం.

పేరున్న కాలేజీ మాకు పైసా తగ్గించలేదు. మా ఇంటికి నాలుగు బెడ్‌రూములున్నాయి కాబట్టి మేం కలిగినవాళ్ళమని దాని కంప్యూటరు తేల్చేసింది. ఆ బెడ్‌రూముల్లో చాలా భాగం బ్యాంకువాళ్ళదని దానికెవరు చెప్పాలి? మాలాంటివాళ్ళకి ఇక్కడ వచ్చిన తిప్పలే ఇవి. సాయం అడిగితే మీకేం తక్కువ అంటారు, ఫీజు కట్టబోతే అప్పుడు తెలుస్తుంది మనకేం తక్కువో.

అయినా నాకు ఆ కాలేజీ కావాలనిపించింది. ఎందుకు దాచాలి? అంతకు ముందు ఏడాది శరదృతువులో చూడ్డానికి వెళ్ళాం. పాత రాతి భవనాలు, వాటి మధ్య పచ్చిక. ఒక అమ్మాయి చెప్పులు విప్పేసి చెట్టు కింద బోర్లా పడుకుని ఏదో పుస్తకం చదువుకుంటోంది. పక్కన సగం తిన్న యాపిల్. చీమలు పడతాయేమో అన్న ధ్యాస కూడా లేదు ఆ పిల్లకి. ఆ నిశ్చింత చూసి నాకు కడుపు మండిపోయింది. నాకు డాక్టరు కావాలని ఎంత ఉందో, ఆ పిల్లలా పడుకోవాలని కూడా అంతే ఉందని ఆ రోజే తెలిసింది.

నాన్నకు ఒక పథకం ఉంది. శనివారం పొద్దున అమ్మ దోసెలు పోస్తుంటే స్టవ్ పక్కన నిలబడి దాన్ని బయటపెట్టాడు.

"విజయవాడ బయట ప్లాటు ఉంది కదా, అది అమ్మేద్దాం. ఇంటి మీద ఇంకో లోన్ తీసుకుందాం. మిగిలింది పిల్ల పేరు మీద స్టూడెంట్ లోన్. నాలుగేళ్ళు, అంతే."

"నాలుగేళ్ళయ్యాక మెడికల్ కాలేజీ ఉంటుంది కదండీ," అంది అమ్మ దోసె తిప్పుతూ. "అప్పుడేం అమ్ముతారు? నన్నా?"

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాం."

"నాకు పెద్ద రేటు రాదు, ఇప్పుడే చెబుతున్నా."

మా అమ్మ వారమంతా మందుల షాపు కౌంటర్‌లో పని చేసేది, వారాంతాల్లో చుట్టుపక్కల ఆంటీలకు బ్లౌజులు కుట్టి పెట్టేది. ఆవిడకి గుడ్డ ఎంత ఉందో చూడకుండా కత్తెర వేసేవాళ్ళంటే ఒళ్ళుమంట. కానీ నాన్న అప్పటికే కత్తెర వేసేశాడని మాకు తెలియదు. ఆ మధ్యాహ్నమే గుమ్మం ముందు పార్సిల్ దిగింది.

ఇక్కడ మా తెలుగువాళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి. మే నెల మొదటి తారీఖుకల్లా ఏ కాలేజీలో చేరేదీ పిల్లలు తేల్చి చెప్పాలి. ఆ రోజు మా వాట్సాప్ గ్రూపుకి పండుగ. ప్రతి ఇంటివాళ్ళూ తమ పిల్లనో పిల్లాడినో కొత్త కాలేజీ స్వెట్‌షర్ట్ తొడిగి గరాజ్ తలుపు ముందు నిలబెట్టి ఫోటో పెడతారు. కింద చేతులు జోడించిన బొమ్మలు, "కంగ్రాట్స్ బంగారం"లు వరదలా పారతాయి. కాలేజీ పేరును బట్టి వరద మట్టం ఉంటుంది. పెద్ద పేరైతే, గ్రూపులో ఎప్పుడూ నోరు విప్పని అంకుల్స్ కూడా లేచి వచ్చి నమస్కారం పెట్టి పోతారు.

పార్సిల్లో స్వెట్‌షర్టులు రెండు. ఒకటి నాకు. రెండోది నాన్న తనకోసం తెప్పించుకున్నది. గుండె మీద కాలేజీ పేరు విల్లులా వంగి, దారంతో దట్టంగా కుట్టిన అక్షరాల్లో ఉంది. దాని కింద పెద్దగా 'డాడ్' అని ఉంది. నేనింకా ఎక్కడా చేరలేదు. ఆయన మాత్రం అడ్మిషన్ తీసేసుకున్నాడు.

"నాన్నా, నేనింకా డిసైడ్ చేయలేదు."

"చేసేటప్పటికి సైజులు దొరకవే, అయిపోతాయి," అన్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. ఉగాది పండుగ వారం మధ్యలో వచ్చి పోయింది, కానీ మా ఊరివాళ్ళకు ఏ శనివారం హైస్కూల్ ఆడిటోరియం దొరికితే ఆ శనివారమే ఉగాది. పార్సిల్ వచ్చిన ఆ శనివారం సాయంత్రమే మా నాన్న పట్టు లాల్చీ వేసుకుని, పైన ఆ స్వెట్‌షర్ట్ తొడుక్కుని బయల్దేరాడు. లోపల ఏసీ ఎక్కువగా ఉంటుందట. లాల్చీ అంచులు కింద లంగాలా వేలాడుతున్నాయి. అమ్మ పార్కింగ్ లాట్ దాకా బతిమాలి, తర్వాత ఆయనకు కొంచెం దూరంగా నడవడం మొదలుపెట్టింది.

స్టేజి మీద పంతులుగారు పంచాంగం చదువుతూ నాన్న రాశి దగ్గరికి వచ్చారు. ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు. అమ్మ నా చెయ్యి గిల్లింది. నాన్న ఏమీ విననట్టు ముందు వరుసలో ఛాతీ విరిచి కూర్చున్నాడు. కాసేపటికి మైక్ పట్టుకున్న ఆంటీ చూపు ఆ ఛాతీ మీద పడనే పడింది. "ఫ్రెండ్స్, మన నేపర్‌విల్ అమ్మాయి! డాక్టర్ అవ్వబోతోంది! ఎక్కడో చూడండి!" అని నాన్నను లేచి నిలబడమంది. ఆడిటోరియం అంతా చప్పట్లు. నాన్న అటు తిరిగి, ఇటు తిరిగి, అందరికీ ఛాతీ చూపించి కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఆయన మొహంలో సంతోషం చూసి ఇంకేదో కూడా వచ్చింది. ఇక ఆ కాలేజీకి వెళ్ళనని నేనంటే, ఈ చప్పట్లన్నీ ఆయన ఒక్కొక్కరికీ తిరిగిచ్చుకోవాలి.

వెళితే మాత్రం? ఇల్లు తాకట్టు మీద తాకట్టు. నాలుగేళ్ళ తర్వాత మెడికల్ కాలేజీ రాకపోతే మాకు మిగిలేవి అప్పు, స్వెట్‌షర్టులు. ఇది నాకు పగలంతా తెలుస్తూనే ఉండేది. కళ్ళు మూసుకుంటే మాత్రం ఆ చెట్టు కింద పిల్ల కనపడేది.

ఏం చేయాలో తోచనప్పుడు మా ఊళ్ళో అందరూ చేసే పని ఒకటుంది. డాక్టర్ అంకుల్ దర్శనం. ఆయన చాలా ఏళ్ళ కిందట వచ్చి స్థిరపడ్డ కడుపు డాక్టరు, ఇప్పుడు రిటైరయ్యారు. పిల్లల్ని మెడిసిన్ చదివించాలనుకునే ప్రతి కుటుంబమూ ఒక స్వీట్ బాక్స్ పట్టుకుని ఆయన బేస్‌మెంట్‌లోకి దిగి, ఆయన సినిమా తెర పక్కన వాలు కుర్చీలో కూర్చుని చెప్పేది విని, ఆశీర్వాదం తీసుకుని పైకెక్కుతుంది. నాన్న ధైర్యం ఏమిటంటే, అంకుల్ కొడుకు చదివింది సరిగ్గా ఆ పేరున్న కాలేజీలోనే. ఆయన నోటితో చెప్పించి అమ్మ నోరు మూయించాలని నాన్న ఆలోచన.

మేం ముగ్గురం వెళ్ళి కూర్చున్నాక అంకుల్ మొదట తన కథ చెప్పారు. జేబులో ఎనిమిది డాలర్లతో ఈ దేశంలో దిగారట. ఆ తరం డాక్టర్లందరూ ఎనిమిది డాలర్లతోనే దిగారు, తొమ్మిదితో వచ్చినవాడు ఒక్కడూ నాకు తగల్లేదు. తర్వాత మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పారు. ఆ తర్వాత గోల్ఫ్. జీడిపప్పు బర్ఫీ రెండు ముక్కలు తిన్నాక నా వైపు తిరిగారు.

"ఎంత ఇస్తున్నారమ్మా వాళ్ళు?"

"ఏమీ ఇవ్వట్లేదు అంకుల్."

"రెండోది?"

"అది లోకల్‌దిలెండి," అని నాన్న అందుకున్నాడు. "ట్రైన్‌లో వెళ్ళిరావాలి. స్టాండర్డ్ ఎలా ఉంటుందో ఏమో."

"ఫుల్ స్కాలర్‌షిప్ అంకుల్," అన్నాను.

అంకుల్ చేతిలో రిమోట్ పక్కన పెట్టారు. నాకప్పుడు ఎక్కడ్నుంచి వచ్చిందో గానీ ఒక ప్రశ్న అడిగేశాను. "అంకుల్, మీ పేషెంట్లు మీరు ఏ కాలేజీలో చదివారని ఎప్పుడైనా అడిగారా?"

ఆయన పైకప్పు వైపు చూసి నిజాయితీగా ఆలోచించారు. "నా దగ్గరికొచ్చేవాళ్ళకి అలాంటివి అడిగే పొజిషన్ ఎక్కడిదమ్మా? ఓ పక్కకి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంటారు. నేను వెనకాల నిలబడి ఉంటాను. వాళ్ళు అడిగేది ఒకటే. నొప్పి పుడుతుందా డాక్టర్ అని."

"ఛీ ఛీ, చిన్నపిల్ల ముందు ఏం మాటలండీ అవి!" అని మెట్ల మీద నుంచి ఆంటీ కేక. నేను ఆపుకోలేక నవ్వేశాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వులాట కాదయ్యా," అన్నారు అంకుల్ నాన్నతో. "మెడికల్ కాలేజీవాళ్ళు చూసేది మార్కులు, ఆ ఎగ్జామ్ స్కోరు, హాస్పిటల్లో ఏం పని చేసిందీ అని. అవి ఎక్కడైనా తెచ్చుకోవచ్చు. ఆ పేరు వల్ల కొంచెం లాభముంటే ఉండొచ్చు, కాదనను. కానీ అసలు ఖర్చు ముందుంది. నిశ్చితార్థానికే ఇల్లమ్మేస్తే పెళ్ళికేం పెడతావు?"

నాన్న మొహం ఎర్రబడింది. "మరి మీ అబ్బాయి అక్కడే కదండీ చదివింది?"

"అక్కడే. నా దగ్గర డబ్బుంది, పంపాను. నీ దగ్గరుందా?"

మా ఊళ్ళో ఇంత పచ్చి మాట ఎవరూ అడగరు. వెనక నుంచి పేగుల్లోకి పెట్టే గొట్టం గురించి మాట్లాడుకోవచ్చు గానీ, నీ దగ్గర డబ్బుందా అని మొహం మీద అడగడం మర్యాద కాదు. లేదు అని చెప్పడం అంతకన్నా కాదు. నాన్న రెండు మూడుసార్లు నోరు తెరిచి మూశాడు. చివరికి, "చూస్తున్నామండీ," అన్నాడు. ఆయన చేతులు ఒడిలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. అప్పటిదాకా నాకు ఆయన మీద ఉన్న కోపమంతా ఆ చేతులు చూసేసరికి తడబడింది.

తిరుగు ప్రయాణంలో కారు సిగ్నల్ దగ్గర ఆగాక అమ్మే మొదలుపెట్టింది.

"ఏవండీ, పోయిన నెల మీకు ఆ టెస్టు చేసిన డాక్టరమ్మ ఏ కాలేజీ?"

"ఏ టెస్టు?"

"అదే, ముందు రోజంతా ఉప్మా కూడా ముట్టకుండా, బాత్రూమ్ వదలకుండా ఉండి, వెళ్ళి చేయించుకున్నారు చూడండీ."

"ఆవిడ చాలా మంచి డాక్టర్," అన్నాడు నాన్న బిగదీసుకుని. "అసలు ఏమీ తెలియలేదు నాకు."

"మంచిదేలెండి. నేను కాదన్నానా? కాలేజీ ఏది అంటున్నా."

నాన్న రేడియో సౌండ్ పెంచాడు. నేను వెనక సీట్లో కిటికీకి మొహం ఆనించి నవ్వును దిగమింగుకున్నాను.

కానీ ఎవరెంత నవ్వించినా, తేల్చాల్సింది నేను. ఒక ఆదివారం పొద్దున నాన్న ఫిల్టర్ కాఫీ కలుపుతుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఆదివారం కాఫీ ఆయన డిపార్ట్‌మెంట్.

"నాన్నా, నేను రైలు కాలేజీకే వెళ్తాను."

ఆయన డికాషన్ పోయడం ఆపలేదు. "నా కోసం మానుకోకు. డబ్బు నేను చూసుకుంటాను."

"నీ కోసం కాదు. నాకు డాక్టర్ అవ్వాలనుంది. ఆ కాలేజీలో చెట్టు కింద పడుకోవాలని కూడా ఉంది. రెండిట్లో ఒకటే కుదిరేలా ఉంది."

చెబుతుండగానే, ఏడవకూడదనుకుని ఏడ్చాను. త్యాగం చేసినట్టు గొప్పగా ఏమీ లేదు నాకు. దుకాణంలో చేతిలోకి తీసుకున్న బొమ్మని మళ్ళీ అరలో పెట్టమంటే పిల్లలు ఎలా ఏడుస్తారో అలా ఏడ్చాను. నాన్న కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, పక్కన కుర్చీలో కూర్చున్నాడు. మెల్లిగా అడిగాడు.

"మరి గ్రూపులో ఏం చెప్పాలి?"

ఆ ప్రశ్నకి నాకు మళ్ళీ కోపం రావాల్సింది. రాలేదు. ఆయనకు నిజంగానే తెలియక అడిగాడు.

మే ఒకటో తారీఖున మా గరాజ్ ముందు ఎవరూ నిలబడలేదు. స్వెట్‌షర్టులు వాపసు పంపుదామంటే షాపువాళ్ళు తీసుకోం అన్నారు. నాది తీసుకెళ్ళి షాపింగ్ సెంటర్ దగ్గర పాత బట్టలు వేసే పెట్టెలో వేసేశాను. ఎవరో ఒకరు ఇప్పటికీ దాన్ని తొడుక్కుని హాయిగా తిరుగుతూ ఉంటారు, ఫీజు కట్టే గొడవ లేకుండా. నాన్నది కూడా వేసేయబోతే అమ్మ లాక్కుంది.

"ఇంత మందం గుడ్డ, ఇంత మంచి కుట్టు. పారేస్తామా ఎవరైనా?" అంది. కళ్ళజోడు పెట్టుకుని, సన్న కత్తెర, గుండుసూది తీసుకుని మిషన్ ముందు కూర్చుని కాలేజీ పేరులో ఒక్కొక్క అక్షరమే విప్పడం మొదలుపెట్టింది. వాళ్ళు ఫీజు ఎంత తీసుకుంటారో గానీ కుట్టు మాత్రం గట్టిగా వేశారు, ఆవిడకి ఆ వారాంతమంతా పట్టింది. చివరికి 'డాడ్' ఒక్కటే మిగిలింది. దాన్ని విప్పలేదు. "ఇది మనదే కదా," అంది. పేరు పోయిన చోట గుడ్డ కొంచెం ముదురు రంగులో ఉండిపోయింది. వెలుతురులో నిలబడితే ఏ కాలేజీయో ఇంకా చదవొచ్చు.

ఇక చప్పట్లు కొట్టినవాళ్ళకి జవాబు చెప్పే పని మిగిలింది. ఆ ఎండాకాలం పార్కులో పిక్నిక్‌కి వెళ్ళాం. మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న పొయ్యి చుట్టూ అంకుల్స్ నాన్నను పట్టుకున్నారు. ఎందుకు మానేసింది, ఏమైంది, అంత మంచి సీటు కదా. నాన్న ఒక్క క్షణం తడుముకుని, "అక్కడ చలి బాగా ఎక్కువటండీ," అన్నాడు.

మేముండేది షికాగో పక్కన. జనవరిలో ఇక్కడ ముక్కులో వెంట్రుకలు గడ్డకడతాయి. ఆ మాట విన్న ప్రతి మనిషీ ఏడాదిలో నాలుగు నెలలు కారు అద్దం మీద మంచు గీకుతాడు. అయినా ఒక్కరూ నవ్వలేదు. "అవునవును, చలి కష్టమే," అని అందరూ తలలూపారు. తమ పిల్లల వంతు వచ్చినప్పుడు తమకూ ఏదో ఒక చలి కావాల్సి వస్తుందని వాళ్ళకి తెలుసు. అంతకు ముందు ఏడాది ఒకాయన కూతురు ఒక గొప్ప కాలేజీ మానేసింది అక్కడ వెజిటేరియన్ సరిగ్గా దొరకదని. ఆ పిల్ల చికెన్ తప్ప ముట్టదు.

రైలు కాలేజీ నేననుకున్నంత ఘోరంగా లేదు, డాక్టర్ అంకుల్ చెప్పినంత సులువుగానూ లేదు. లిఫ్టులు పని చేసిన రోజు అదృష్టం. ఆర్గానిక్ కెమిస్ట్రీ మొదటి పరీక్షలో నాకు వచ్చిన మార్కులు అమ్మకు ఇప్పటికీ తెలియవు, ఇది చదివితే తెలుస్తుంది. పచ్చికా లేదు, చెట్టూ లేదు. మా బిల్డింగ్ వెనక కాంక్రీట్ అరుగు ఒకటుండేది. దాని మీద కూర్చుని అమ్మ కట్టిచ్చిన నిమ్మకాయ పులిహోర తింటూ చదువుకునేదాన్ని. ఒకసారి చెప్పులు విప్పి చూశాను. అరుగు కాలిపోతోంది, మళ్ళీ వేసేసుకున్నాను.

రోజూ పొద్దున్నే నాన్న నన్ను స్టేషన్‌లో దింపేవాడు. చలికాలమంతా ఆ స్వెట్‌షర్టే. ప్లాట్‌ఫాం దగ్గర కాఫీ అమ్మే ఆవిడ దాన్ని చూసి ఆయన్ని 'డాడ్' అని పిలవడం మొదలుపెట్టింది. ఆయనా పలికేవాడు. రైలు వచ్చేదాకా కారులో హీటర్ వేసుకుని కూర్చునేవాళ్ళం. నాకు పరీక్ష ఉంటే ప్రశ్నలు అడగమని పుస్తకం ఆయన చేతికిచ్చేదాన్ని. ఒక్క మాటా సరిగ్గా పలికేవాడు కాదు, కానీ నేను తప్పు చెబితే నా మొహం చూసి కనిపెట్టేసేవాడు. పరీక్షల్లేని రోజుల్లో తన సంగతులు చెప్పేవాడు. ఆఫీసులో తన తర్వాత చేరినవాడు తన మీద మేనేజర్ అయ్యాడని, ఆ ఉగాది రోజు చప్పట్లు కొట్టినప్పుడు ఈ దేశం వచ్చాక మొదటిసారి తనకోసం ఎవరో చప్పట్లు కొట్టారనిపించిందని, అలాంటివి. ఇంట్లో ఎప్పుడూ చెప్పని మాటలు. చెట్టు కింద పిల్లకి ఇలాంటి నాన్న ఉండి ఉండడని నాకప్పుడప్పుడు అనిపించేది, కొంచెం అసూయ తగ్గేది.

మెడికల్ కాలేజీలకు అప్లై చేసినప్పుడు చాలావాటి గుమ్మాలు ఎక్కి దిగాను. ఒకటి రమ్మంది. ఇంటర్వ్యూలో వాళ్ళు నన్ను కెమిస్ట్రీ గురించి అడిగారు, హాస్పిటల్లో రోగుల మంచాలు తోసిన పని గురించి అడిగారు. ఇంత రైలు ప్రయాణం చేస్తూ చదువుకున్నావా అని ఒకావిడ అడిగింది. నాన్న అప్పుడు గ్రూపులో ఫోటో పెట్టాడు. ఎప్పుడూ నోరు విప్పని అంకుల్స్ కూడా లేచి వచ్చి నమస్కారాలు పెట్టారు. ప్లాటు ఇంకా అక్కడే ఉంది. ఇల్లూ ఉంది, ఇప్పటికీ చాలావరకు బ్యాంకుదే అయినా.

పోయిన చలికాలం సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, ఓ కుటుంబం స్వీట్ బాక్స్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మా వీధికి అవతల ఉండే వరంగల్‌వాళ్ళు. వాళ్ళమ్మాయికి అదే పేరున్న కాలేజీలో ప్రీమెడ్ చదవాలని ఉంది, అడ్మిషన్ కూడా వచ్చేలా ఉందట. నేనే దర్శనమిచ్చే స్థాయికి వచ్చానన్నమాట. ఆ పిల్ల సోఫా చివర్న కూర్చుని ఫోను చూసుకుంటోంది. నేను అంకుల్‌లాగే మార్కుల గురించి, పరీక్ష గురించి చెబుతున్నాను. నాన్న ఆ పాత స్వెట్‌షర్ట్‌లో కిటికీ పక్కన కూర్చున్నాడు. వెలుతురు సరిగ్గా ఆయన గుండె మీద పడుతోంది.

వాళ్ళ నాన్న దానివైపే చూస్తున్నాడు. కాసేపటికి ఉండబట్టలేక అడిగాడు. "అన్నా, మీ బిడ్డకి గూడ అప్పట్ల ఆ కాలేజీల్నే వచ్చింది గదా. ఎందుకు పంపలే? చలి ఎక్కువుంటదన్నరంట?"

వంటింట్లో అమ్మ గరిట చప్పుడు ఆగింది. ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్నకి ఆ ఒక్క జవాబే మా ఇంట్లో ఉంది, బయట మంచు కూడా పడుతోంది. నేను నాన్న వైపు చూశాను.

"చలీ లేదు, పాడూ లేదు," అన్నాడు నాన్న. "డబ్బుల్లేవు."

ఆయన గొంతులో సిగ్గు ఏమీ లేదు. ఆ బేస్‌మెంట్‌లో నోరు తెరిచి మూసిన మనిషే ఈయన. నాకు ఒక్కసారిగా కళ్ళు నిండిపోయాయి. మొహం తిప్పుకుని స్వీట్ బాక్స్ మూత తీస్తున్నట్టు నటించాను.

ఆ పిల్ల మొదటిసారి ఫోను మీద నుంచి తల ఎత్తి వాళ్ళ నాన్న వైపు చూసింది. ఆయన తన భార్య వైపు చూశాడు, తర్వాత చేతిలో ప్లేటు వైపు.

"మా తాన గూడ లేవన్నా," అన్నాడు మెల్లిగా.

నాన్న లేచి వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చున్నాడు. "అయితే పొద్దున పార్కింగ్ దొరకాలంటే స్టేషన్‌కి ఎన్నింటికి బయల్దేరాలో మీ నాన్నకి నేను చెబుతాలేమ్మా," అన్నాడు.